తైషాన్ ప్లాన్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో అక్టోబర్‌లో వెళ్ళొచ్చా?

మణికొండ_మాధవి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు సుజౌలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ దసరాకి అమ్మని, మా పాపని తీసుకుని వాడి దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. మావారికి సెలవు దొరకదు. షాంఘై, సుజౌ వాడే తిప్పుతాడు, దాని గురించి బెంగ లేదు. అమ్మ మాత్రం "అంత దూరం పోయి మేడలు చూసి రావడమేనా, కొండ మీద గుడి ఒక్కటైనా లేదా ఆ దేశంలో" అంది. తమ్ముడు తైషాన్ పేరు చెప్పాడు, షాన్‌డాంగ్ రాష్ట్రంలో గుళ్ళున్న పవిత్రమైన కొండ అట.

అమ్మకి 64. రెండు మోకాళ్ళూ నొప్పులే. బీపీ మందులతో కంట్రోల్‌లో ఉంది. ఒకప్పుడు అలిపిరి నుంచి నడిచి ఎక్కిన మనిషి, ఇప్పుడు డాక్టర్ మెట్లు వద్దన్నారు. పాపకి 9. తమ్ముడికి అక్టోబర్ 1 నుంచి 7 దాకా కంపెనీ సెలవు, అప్పుడే రమ్మంటున్నాడు. కేబుల్ కార్ ఉందట కదా, దాంతో పనైపోతుందా? సూర్యోదయం చూడాలంటే రాత్రంతా ఎక్కాలా? తిండి సంగతేంటి? అమ్మ గుడ్డు కూడా ముట్టదు. వీసాకి తమ్ముడి లెటర్ సరిపోతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జినాన్_డాక్టర్:
అక్కా, మిగతావన్నీ తర్వాత, ముందు డేట్లు మార్చండి. అక్టోబర్ 1 నుంచి 7 వాళ్ళ జాతీయ దినోత్సవం సెలవులు. దేశం దేశమంతా రోడ్డు మీదే ఉంటది. నేను జినాన్‌లో ఎంబీబీఎస్ చదివిన, అక్కడి నుంచి తైషాన్ కింద ఉన్న తైయాన్ ఊరికి ఫాస్ట్ ట్రైన్‌లో ఇరవై నిమిషాలు. ఆ సెలవుల్లో ఒకసారి క్లాస్‌మేట్లతో పోయినం. కొండ చివర్ల నిట్టనిలువుగ ఉండే షిబాపాన్ మెట్ల మీద ముందోడి బ్యాగ్ నా మొహానికి తగులుతుండె, వెనకోడి కర్ర నా మడమకి తగులుతుండె. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, మెట్టు మీద నిలబడుడే. కేబుల్ కార్ లైన్ చూసి మావోళ్ళు లెక్క కట్టిన్రు, నడిచిపోతేనే నయమని తేల్చిన్రు. పెద్దామెతో ఆ రద్దీలో అసలే వద్దు.

ఈసారి విజయదశమి అక్టోబర్ 20న వచ్చింది. అప్పటికి వాళ్ళ రద్దీ అయిపోతది, ఆకులు రంగు మారుతుంటయ్. మీ తమ్ముడిని లీవ్ పెట్టమనండి.

కృష్ణలంక_కుర్రోడు:
దసరాకి దుర్గమ్మ కొండ మీద క్యూ తప్పించుకోడానికి చైనా వెళ్ళి ఇంకో కొండ మీది క్యూలో నుంచోవడం, ప్లాన్ అదిరింది 😄

మెట్లెక్కేవాడు:
డేట్ల విషయంలో డాక్టర్ గారితో ఏకీభవిస్తాను. కానీ తైషాన్‌ని కేబుల్ కార్‌లో చూసి రావడమంటే దాన్ని చూడనట్టే. కొండ కింద హొంగ్‌మెన్ ద్వారం దగ్గర మొదలుపెట్టి పైన జేడ్ చక్రవర్తి శిఖరం దాకా 6 వేలకు పైగా మెట్లు. అలిపిరివి 3,550 కదా, దాదాపు రెండింతలు వేసుకోండి. ఊరి నుంచి శిఖరానికి 1,300 మీటర్లకు పైనే ఎక్కాలి. సగంలో జొంగ్‌తియెన్‌మెన్, అక్కడిదాకా ఫర్వాలేదు. ఆ తర్వాత చివర్లో వచ్చే షిబాపాన్ 1,600 పైచిలుకు మెట్లు, కిలోమీటర్ లోపు దూరంలో 400 మీటర్లు నిట్టనిలువు. మన మోకాళ్ళ పర్వతాన్ని తీసుకెళ్ళి నాలుగైదు సార్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి టార్చ్ లైట్లతో ఎక్కి, పైన అద్దెకిచ్చే ఆకుపచ్చ మిలటరీ కోటు కప్పుకుని కూర్చుని సూర్యుడి కోసం చూడాలి. అదీ తైషాన్ అంటే.

జినాన్_డాక్టర్:
అన్నా, ఆమె అడిగింది 64 ఏళ్ళ అమ్మ గురించి. నీ గురించి కాదు.

మెట్లెక్కేవాడు:
అందుకే అంటున్నా, ఆవిడకి తైషాన్ ఎందుకు? మెట్లు లేని కొండలు బోలెడు ఉన్నాయి. ఎమెయ్ వెళ్ళండి. సమంతభద్ర బోధిసత్వుడి కొండ, శిఖరం మీద 48 మీటర్ల బంగారు రంగు విగ్రహం. పక్కనే లెషాన్‌లో 71 మీటర్ల బుద్ధుడు. బస్సు చాలా పైదాకా వెళ్తుంది.

పద్మ_విశాఖ:
ఎమెయ్ శిఖరం 3 వేల మీటర్ల పైన అండీ. బస్సు దిగాక కేబుల్ కార్ దాకా అక్కడా మెట్లు నడవాలి. బీపీ ఉన్నవాళ్ళకి ఆ ఎత్తులో ఆయాసం వస్తుంది. పైగా దారిలో కోతులు చేతిలో సంచి లాక్కుంటాయి. సుజౌ నుంచి ఎమెయ్ ఉన్న సిచువాన్ అంటే మళ్ళీ విమానం. తైషాన్ 1,545 మీటర్లే, ఎత్తు వల్ల ఇబ్బంది ఉండదు. రైలు సుజౌ నుంచి నేరుగా ఉంది, మూడు గంటలకు అటూ ఇటూగా. మాధవి గారికి తైషానే సరి.

మేం మా అత్తగారిని, మామగారిని తీసుకెళ్ళాం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఊళ్ళో తియెన్‌వైసున్ అని ఒక బస్ స్టేషన్ ఉంటుంది. అక్కణ్ణుంచి కొండ వాళ్ళ బస్సే జొంగ్‌తియెన్‌మెన్ దాకా మలుపులు తిరుగుతూ వెళ్తుంది, అరగంట పైన. ఇంకో వాహనాన్ని పైకి రానివ్వరు. బస్సు దిగి కాస్త నడిస్తే కేబుల్ కార్. పది నిమిషాల్లో పైన నాన్‌తియెన్‌మెన్ ద్వారం పక్కన దించుతుంది. అంటే షిబాపాన్ మొత్తం మీ కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోతుందన్నమాట. కొండ టికెట్ మనిషికి 115 యువాన్లు, కేబుల్ కార్ ఒకవైపుకి 100 దాకా తీసుకున్నారు, బస్సు వేరే.

అయితే ఒక్క విషయం ఎవరూ ముందు చెప్పరు. కేబుల్ కార్ దిగగానే గుడి రాదు. తియెన్‌జియె అనే వీధి వెంట నడవాలి, అది చాలావరకు చదునే, రెండు పక్కలా కొట్లు. ఆ తర్వాత బీషియా గుడికి మెట్లు, గుడి దాటాక శిఖరానికి ఇంకొన్ని మెట్లు. నొప్పులున్నవాళ్ళు మెల్లగా కూర్చుంటూ వెళ్తే గంట పైనే పడుతుంది. మా అత్తగారు బీషియా గుడి దగ్గరే ఆగిపోయారు, "నాకిది చాలమ్మా" అని. అక్కడే కూర్చుని వచ్చేపోయే ఆడవాళ్ళని చూస్తూ గడిపేశారు.

మణికొండ_మాధవి:
పద్మ గారూ, చాలా థాంక్సండీ. ఇదే కావాలి నాకు. బీషియా అంటే అమ్మవారేనా?

పాతరాతి:
అవునండీ, ఆడదేవత. పూర్తి పేరు బీషియా యువాన్‌జున్. తావో సంప్రదాయంలో తైషాన్ కొండకి అధిదేవత. అక్కడి జనం మాత్రం చనువుగా "తైషాన్ నాయ్‌నాయ్" అంటారు, అంటే తైషాన్ నాయనమ్మ. పిల్లలు కావాలని, పుట్టిన పిల్లలు బాగుండాలని మొక్కుకోడానికి షాన్‌డాంగ్ పల్లెల నుంచి ముసలమ్మలు వస్తారు. మీ అమ్మగారికి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు, చూడగానే అర్థమైపోతుంది. గుడి పైకప్పు పెంకులు కంచువి, ఇనుపవి. కొండ మీది గాలికి మట్టి పెంకులు నిలవవని. లోపల గడప తొక్కకూడదు, దాటాలి. మూలవిరాట్టుకి ఫోటో తియ్యకూడదు. అగరొత్తులు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. అడవికి నిప్పంటుకుంటుందని అగ్గిపెట్టె, లైటర్ గేటు దగ్గరే తీసేసుకుంటారు.

చక్రవర్తులకి మాత్రం ఇది వేరే లెక్క. రాజ్యం చేతికొచ్చిందని ఆకాశానికి కొండ మీద, భూమికి కొండ కింద బలి ఇచ్చి చెప్పుకోవాలి. చైనా మొదటి చక్రవర్తి చిన్ షిహువాంగ్ క్రీ.పూ. 219లో వచ్చాడు, హాన్ వంశపు చక్రవర్తి వూ క్రీ.పూ. 110లో. ఆఖరున 1008లో సాంగ్ చక్రవర్తి జెన్‌జొంగ్. షిహువాంగ్‌కి దారిలో వాన పట్టుకుందట, ఒక చెట్టు కింద తలదాచుకుని ఆ చెట్టుకే ఉద్యోగ హోదా ఇచ్చేశాడు. ఇప్పుడక్కడున్న పైన్ చెట్లు తర్వాతి కాలంలో నాటినవే అయినా హోదా మాత్రం వాటికీ కొనసాగుతోంది.

బీషియా గుడి దాటి పైకి వెళ్ళేటప్పుడు కొండ గోడ మీద బంగారు పూత అక్షరాలు కనిపిస్తాయి. 726 నాటి శాసనం, టాంగ్ చక్రవర్తి షువాన్‌జొంగ్‌ది. అంతకంటే నాకు ఇష్టమైంది శిఖరం మీదున్న రాతిపలక. ఆరు మీటర్ల ఎత్తుంటుంది, దాని మీద ఒక్క అక్షరం లేదు. షిహువాంగ్ పెట్టాడని కొందరు, హాన్ వూ పెట్టాడని కొందరు. కొండంతా అక్షరాలు చెక్కి, సరిగ్గా పైకొచ్చేసరికి ఖాళీ వదిలేశారు.

కృష్ణలంక_కుర్రోడు:
చెక్కేవాడికి అప్పటికి మెట్లెక్కి ఊపిరి అందుండదు పాతరాతి గారూ.

పాతరాతి:
కుర్రోడు గారూ, మీ సిద్ధాంతం కూడా రాసి పెట్టుకున్నాను. పలక మీద చోటుంది.

ఇంకొకటి, మన వాళ్ళకి చెప్పాల్సింది. హొంగ్‌మెన్ నుంచి ఎక్కే దారిలో, దౌమూ మఠం దాటాక కుడివైపు చీలి వెళ్తే జింగ్‌షియూ అని ఒక వాగు వస్తుంది. ఆ రాతి పడక మీద వజ్రచ్ఛేదికా ప్రజ్ఞాపారమితా సూత్రం చెక్కారు, ఆరో శతాబ్దంలో, ఉత్తర చీ రాజుల కాలంలో. ఒక్కో అక్షరం అర మీటరు. సగానికి పైగా నీళ్ళకి అరిగిపోయింది, వెయ్యి పైచిలుకు అక్షరాలు మిగిలాయి. సంస్కృతం నుంచి చైనా భాషలోకి దాన్ని తెచ్చిన కుమారజీవుడి తండ్రి మన దేశం నుంచి వెళ్ళినవాడే. జనం అంతా శిఖరం హడావుడిలో పడి అటువైపు వెళ్ళరు. ఇప్పుడు కంచె వేశారు, దూరం నుంచి చూడాల్సిందే. మెట్లు తప్పవు కాబట్టి అమ్మగారికి కుదరదు. మీ తమ్ముడు, పాప వెళ్ళొచ్చు.

షాంఘై_శాస్త్రి:
శాకాహారం గురించి నేను చెప్తాను, నా అనుభవం అదే. "మాంసం తినను" అంటే సరిపోదండీ. తోటకూర వేపుడు అడిగితే పంది కొవ్వులో వేయిస్తారు, సాదా సూప్ అన్నా అడుగున ఎముకల రసం ఉంటుంది. ఫోన్‌లో చైనా లిపిలో "మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు, ఎముకల రసం ఏవీ వద్దు" అని తమ్ముడితో రాయించి ఉంచుకోండి, వంటవాడికి అదే చూపించండి. తైయాన్‌లో క్యాబేజీ, టోఫు, కొండ నీళ్ళు, ఈ మూడింటినీ ఊరి గొప్పగా చెప్పుకుంటారు, కాబట్టి టోఫు బాగానే దొరుకుతుంది. జియెన్‌బింగ్ అని పల్చటి రొట్టె ఉంది, ఉల్లికాడ చుట్టి ఇస్తారు. కొన్నిచోట్ల గుడ్డు కొట్టేస్తారు, ముందే వద్దనాలి. కొండ దారి పొడవునా కీరదోసకాయలు అమ్ముతారు, కడిగి చేతికిస్తారు. అమ్మగారికి అవి హాయి.

ఇంటి నుంచి పులిహోర పొడి, కందిపొడి, అటుకులు లాంటివి ప్యాక్ చేసుకోండి. పండ్లు, పచ్చి కూరలు, పాలతో చేసినవి వద్దు, కస్టమ్స్‌లో ఆపుతారు. వేడినీళ్ళకి మాత్రం ఆ దేశంలో కరువు లేదు, స్టేషన్‌లో, రైల్లో, హోటల్లో ఎక్కడైనా పట్టుకోవచ్చు.

డబ్బు సంగతి: అలీపే యాప్ ఇక్కడే దింపుకుని మీ వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డ్ జత చేసుకోండి. 200 యువాన్లు దాటిన చెల్లింపులకి 3 శాతం ఛార్జీ పడుతుంది. రూపే మీద ఆశ పెట్టుకోకండి. చిల్లరగా కొంత నగదు ఉంచుకోండి. గూగుల్, వాట్సాప్ వాళ్ళ నెట్‌లో పని చేయవు. మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే పని చేస్తాయి, "మావారు ఇండియా నుంచి వీడియో కాల్ చేస్తారుగా" అని అడగబోతున్నారు మీరు, అందుకని ముందే చెప్పేశా.

మణికొండ_మాధవి:
శాస్త్రి గారూ 😂 అడగబోయాను నిజమే. మరి వీసా?

పద్మ_విశాఖ:
మీ తమ్ముడు విదేశీయుడిగా అక్కడ ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి ఎస్2 కేటగిరీలో అడగొచ్చు, కుటుంబసభ్యుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది. ఆయన ఆహ్వాన పత్రం, పాస్‌పోర్ట్ కాపీ, అక్కడి రెసిడెన్స్ పర్మిట్ కాపీ, చుట్టరికం రుజువు కావాలి. మామూలు టూరిస్ట్ వీసా అయినా ఫర్వాలేదు. చుట్టరికం రుజువు దగ్గరే మనవాళ్ళకి తలనొప్పి. ఒకరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందు, ఇంకొకరి దాంట్లో వెనక, పెద్దవాళ్ళ దాంట్లో ఉత్త ఇనీషియల్. మీ పాస్‌పోర్ట్‌లోనూ తమ్ముడి పాస్‌పోర్ట్‌లోనూ చివరి పేజీలో అమ్మగారి పేరు ఉంటే, అది ఆవిడ పాస్‌పోర్ట్‌లో పేరుతో అక్షరం అక్షరం కలుస్తోందో లేదో ఈ రోజే చూడండి. వీసా లేకుండా కొన్ని దేశాల వాళ్ళని ట్రాన్సిట్‌లో పది రోజులు ఉండనిస్తున్నారు, ఆ జాబితాలో మనం లేము. ఏ ఏజెంటైనా అలా చెప్తే నమ్మకండి.

మెట్లెక్కేవాడు:
సరే, కేబుల్ కార్‌కి ఒప్పుకున్నా. కానీ సూర్యోదయం? కేబుల్ కార్ రాత్రి నడవదు. గాలి ఎక్కువైనా, ఉరుములొచ్చినా పగలు కూడా ఆపేస్తారు. కింద హోటల్లో పడుకుని పొద్దున్నే ఎక్కేస్తాం అంటే ఆ సమయానికి అది తెరవను కూడా తెరవరు.

జినాన్_డాక్టర్:
కరెక్ట్. అందుకే ముందురోజు మధ్యాహ్నమే పైకి పోయి పైన లాడ్జిలో పడుకోవాలె. తియెన్‌జియె మీద, శిఖరం కింద కొన్ని ఉన్నయ్. కింద ఊళ్ళో ఇచ్చేదానికి రెండు మూడింతలు తీసుకుంటరు, గది మాత్రం మామూలుగనే ఉంటది. పైకి సామాన్లు ఇప్పటికీ కొంత భుజాల మీద మోసేటోళ్ళున్నరు, వెదురు కర్రకి రెండు పక్కల కట్టుకుని. నీళ్ళ సీసా ధర ఎక్కినకొద్దీ ఎందుకు పెరుగుతదో వాళ్ళని చూస్తే సమజైతది. బుకింగ్ చేసేటప్పుడు "విదేశీయులని తీసుకుంటరా" అని తమ్ముడిని ఫోన్ చేసి అడగమనండి. మమ్మల్ని ఒక చిన్న లాడ్జిలో పాస్‌పోర్ట్ ఎంట్రీ చేయడం రాదని వాపస్ పంపిన్రు, రాత్రి పూట.

అక్టోబర్ మధ్యల సూర్యోదయం ఆరుంపావు దగ్గర. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి పైన పది డిగ్రీల లోపే ఉంటది, గాలి వేరే. అమ్మకి స్వెటర్, టోపీ, సాక్సులు, మోకాలి పట్టీలు. బీపీ మందు డబుల్ పెట్టుకోండి, ఒకటి మీ బ్యాగ్‌ల, ఒకటి తమ్ముడి దగ్గర. దిగేటప్పుడు కూడా కేబుల్ కారే. "ఎక్కడం కష్టం గానీ దిగడం తేలికేగా" అని అమ్మ అంటది, వినకండి. మోకాలి చిప్ప మీద దిగేటప్పుడే బరువు ఎక్కువ.

కృష్ణలంక_కుర్రోడు:
ఆ రోబో కాళ్ళు ఉన్నాయిగా? 2025లో చైనా కొత్త సంవత్సరం సెలవులప్పుడు తైషాన్‌లోనే అద్దెకిచ్చారు. నడుముకీ తొడలకీ కట్టుకుంటే అదే కాలు లేపుతుందట. బరువు 1.8 కిలోలు, మూడు గంటలకి 60 నుంచి 80 యువాన్లు. ఆంటీకి ఒకటి కట్టేద్దాం.

జినాన్_డాక్టర్:
తమ్మీ, అది ఆరోగ్యంగ ఉన్నోడికి అలసట తగ్గించేది. అరిగిన మోకాలికి వైద్యం కాదు. నువ్వు కట్టుకో, వీడియో పెట్టు.

సుజౌ_చిన్నోడు:
అక్కా, నేనే. నాకు చెప్పకుండా ఇక్కడ థ్రెడ్ పెట్టావా? 😀 అక్టోబర్ 1 వద్దని నేనూ అనుకుంటూనే ఉన్నా, లీవ్ ఎక్కువ పెట్టాల్సొస్తుందని చెప్పలేదు. సరే, మేనేజర్‌ని అడిగా, 15 తర్వాత నాలుగు రోజులు ఇస్తానన్నాడు.

రైలు టికెట్లు పదిహేను రోజుల ముందు తెరుస్తారు, మీ ముగ్గురి పాస్‌పోర్ట్ ఫోటోలు పంపు. పాస్‌పోర్టే టికెట్, స్టేషన్‌లో అది చూపించి లోపలికి పోవడమే. ఊళ్ళో రెండు స్టేషన్లు, ఫాస్ట్ ట్రైన్ ఆగేది తైయాన్, పాత లైన్ మీదిది తైషాన్. నువ్వు హోటల్ బుక్ చెయ్యకు. ఇంగ్లిష్‌లో తైషాన్ అని కొడితే గ్వాంగ్‌డాంగ్‌లో అదే స్పెల్లింగ్‌తో ఇంకో ఊరు వస్తుంది, వెయ్యి కిలోమీటర్ల పైన దక్షిణాన.

నేను హొంగ్‌మెన్ నుంచి ఎక్కుతా. పాప వస్తానంటే జింగ్‌షియూ దాకా చూపించి వెనక్కి తెచ్చి మీకప్పగిస్తా. మీరు ముగ్గురూ బస్సు, కేబుల్ కార్. సాయంత్రం నాన్‌తియెన్‌మెన్ గేటు దగ్గర కలుద్దాం.

మణికొండ_మాధవి:
ఒరేయ్, నువ్వు ఇక్కడ ఉన్నావని నాకేం తెలుసు! పాప విడిగా ఎక్కడికీ రాదు, నువ్వు ఎక్కితే మమ్మల్ని ఆ బస్ స్టేషన్‌లో ఎవరు ఎక్కిస్తారు? భాష రాదు మాకు.

పద్మ_విశాఖ:
చిన్నోడు గారూ, అక్క చెప్పింది నిజం. మీరు వాళ్ళతోనే పైకి వెళ్ళండి. ఇంకో పద్ధతి ఉంది. మొదటిరోజు పొద్దున అందరూ కలిసి కింద ఊళ్ళో దైమియావ్ గుడి చూడండి, అది చదును, అమ్మగారు హాయిగా తిరగొచ్చు. హాన్ కాలం నాటివని చెప్పే సైప్రస్ చెట్లు, పెద్ద మందిరంలో గోడ నిండా కొండదేవుడి ఊరేగింపు బొమ్మ ఉన్నాయి. భోజనం చేసి మధ్యాహ్నం బస్సు, కేబుల్ కార్. మర్నాడు సూర్యోదయం అయ్యాక వాళ్ళని కిందికి దించి గదిలో కూర్చోబెట్టి, మీరు, పాప జింగ్‌షియూకి వెళ్ళి రండి.

పాతరాతి:
దైమియావ్‌లో షిహువాంగ్ కాలపు శాసనం ముక్క ఉంది, పది అక్షరాలే మిగిలాయి. పాపతో లెక్కపెట్టించండి. శిఖరం దగ్గర ఒక రాయి ముందు జనం 5 యువాన్ల నోటు పట్టుకుని ఫోటోలకి వరసలో నిలబడి ఉంటారు, నోటు వెనకున్నది ఈ కొండే. పాపకి ఒక నోటు ముందే ఇచ్చి ఉంచండి.

సుజౌ_చిన్నోడు:
పద్మ గారి ప్లానే ఖాయం. అక్కా, అమ్మకి చెప్పు, సూర్యోదయం చూసే చోటికి చీకట్లో మెట్లుంటాయి. లాడ్జి ముంగిట నుంచి తూర్పు కనపడేలా ఉండేది వెతుకుతున్నా, దొరికితే అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుంటుంది.

మణికొండ_మాధవి:
అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. "ఆ నాయనమ్మకి చీర పెట్టొచ్చా" అని అడుగుతోంది. పాతరాతి గారూ?

పాతరాతి:
ఎర్ర పట్టీలు, ఎర్ర గుడ్డలు కట్టేవాళ్ళు చాలామంది. చీర సంగతి గుడిలో అడగాలి, మీ తమ్ముడి చేత అడిగించండి. ఎర్రది అయితే తీసుకెళ్ళండి, వద్దంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

షాంఘై_శాస్త్రి:
ఒక చివరి మాట, మర్చిపోతారని. హైదరాబాద్ నుంచి హాంకాంగ్, సింగపూర్, బ్యాంకాక్ ఎటు నుంచైనా నేరుగా షాంఘైలో దిగేది చూసుకోండి. ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌ చౌకగా ఉందని అందులో దిగితే అక్కడి నుంచి లోకల్ విమానం ఎక్కాలి. 2025 జూన్ 28 నుంచి లోకల్ విమానాల్లో వాళ్ళ 3సి అనే భద్రతా ధృవీకరణ గుర్తు లేని పవర్ బ్యాంక్ ఎక్కనివ్వడం లేదు. మన దగ్గర కొన్నవాటికి చాలావరకు ఆ గుర్తు ఉండదు.

మణికొండ_మాధవి:
నా దానికి లేదండీ, ఇప్పుడే తిప్పి చూశా. తమ్ముడూ, అక్కడ ఒకటి కొని ఉంచు. పాస్‌పోర్ట్ ఫోటోలు రాత్రికి పంపుతా.